పైపులకు రంగు వేసే ముందు సైలెన్సర్ తొడుగు విప్పి చూడండి

ప్రశ్న: నలుగురం కలిసి ఒక పాత రెండు సీట్ల విమానం కొనుక్కున్నాం. పిస్టన్ ఇంజన్, బాగానే నడుస్తోంది. కానీ ఎగ్జాస్ట్ పైపులు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి. ఒకచోట గోధుమరంగు, ఒకచోట నీలం, సైలెన్సర్ దగ్గర తుప్పు మచ్చలు. ఒక వెల్డింగ్ పక్కన సన్నని గీత కూడా ఉంది, గీసుకుపోయిందో పగిలిందో తెలియడం లేదు. వైర్ బ్రష్‌తో గీకేసి వెండిరంగు హీట్‌ప్రూఫ్ స్ప్రే కొడదామని అనుకుంటున్నాను. పైపులకు వేడిని ఆపే హీట్ వ్రాప్ పట్టీ చుడితే కౌలింగ్ (ఇంజన్ మీది రేకు కప్పు) లోపల చల్లగా ఉంటుందని ఒక మిత్రుడు అంటున్నాడు. విమానం పొట్ట కింద మసి ఎంత తుడిచినా మళ్లీ వస్తోంది. ఏ పెయింట్ మంచిది, ఎలా వేయాలి?

జవాబు: మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ సన్నని గీత దగ్గరే నేను ఆగిపోయాను. అది పగులు కాదని తేలేదాకా విమానాన్ని నేల మీదే ఉంచండి. పెయింట్ గురించి చివర్లో చెప్తాను, అదీ మీ పైపులు ఏ లోహంతో చేసినవో తేలాకే, ఎందుకంటే కొన్ని పైపులకు అసలు పెయింటే వేయకూడదు.

ముందు ఆ గీత సంగతి తేల్చండి. ఎమరీ పేపర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, రుద్దితే పైన ఉన్న లోహం జరిగి పగులు నోటిని కప్పేస్తుంది, ఆ తర్వాత ఎంత వెతికినా దొరకదు. మెత్తని బట్టను అసిటోన్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తడిపి ఆ చోటంతా తుడవండి. టార్చ్ వెలుతురు ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు పైపుకు ఆనించి వేసి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో చూడండి. గీసుకుపోయిన గీతకు అడుగు కనిపిస్తుంది, ఆ అడుగున లోహం మెరుస్తుంది. పగులుకు అడుగు కనిపించదు, నల్లగా ఉంటుంది, కొసలకు పోయేకొద్దీ సన్నబడి వంకర్లు తిరుగుతుంది, ఎక్కువసార్లు వెల్డింగ్ అంచునే పట్టుకుని పోతుంది. దాని చుట్టూ మెరుపు లేని బూడిదరంగు గానీ నల్లటి మసి గానీ చారలా ఉందంటే గ్యాస్ అందులోంచి బయటికి వస్తున్నట్టే, ఇంక అనుమానం అక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే డై పెనెట్రంట్ పరీక్ష చేయించండి. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లితే పగులులో దాక్కున్న రంగు పైకి వచ్చి ఎర్రగా కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక ఆ రసాయనాలు పైపు మీద మిగలకుండా కడిగించడం మర్చిపోకండి.

ఆ చోటు గుర్తు పెట్టుకోవడానికి పెన్సిల్ మాత్రం వాడొద్దు. ఇది చాలామందికి తెలియదు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, అంటే కార్బన్. పైపు వేడెక్కినప్పుడు ఆ కార్బన్‌ను లోహం పీల్చుకుని సరిగ్గా ఆ గీత మీదే పెళుసుబారుతుంది, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. జింకు, సీసం కూడా ఇంతే. గాల్వనైజ్ చేసిన పనిముట్లు, జింకు పూత ఉన్న వైర్లు పైపుకు తగలనివ్వకండి. విమాన మెకానిక్కులకు చదువులోనే ఈ మాట నేర్పిస్తారు, గుర్తులు ఇండియా ఇంకుతోనో ప్రష్యన్ బ్లూతోనో పెట్టమంటారు.

పగులే అని తేలితే దాని కొసన రంధ్రం వేసి ఆపేద్దాం అనుకోకండి. ఆ ఉపాయం వేరే రేకులకు పనికొస్తుందేమో గానీ లోపల మంట లాంటి గ్యాస్ పరుగెత్తే పైపుకు కాదు. ఊళ్లో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డర్ ఎంత నేర్పరి అయినా ఆయన దగ్గరికి తీసుకెళ్లొద్దు. పల్చని స్టెయిన్‌లెస్ పైపును టిగ్ వెల్డింగ్ (గాలి తగలకుండా వాయువు కాపుదలలో చేసే వెల్డింగ్) చేసేటప్పుడు లోపలి వైపు కూడా ఆర్గాన్ వాయువు నింపాలి, లేకపోతే వెల్డింగ్ వెనక భాగం గాలి తగిలి మాడి గరుకుగా గడ్డలు కడుతుంది, తర్వాతి పగులు అక్కడే పుడుతుంది. సర్టిఫికెట్ ఉన్న (అధికారిక ఆమోదంతో ఫ్యాక్టరీలో తయారైన) విమానమైతే ఈ పని చేసే అధికారం ఉన్న వర్క్‌షాప్‌కే పంపాలి, లాగ్‌బుక్కులో సంతకం పడాలి. మీరే కట్టుకున్న విమానమైతే చట్టం కొంచెం వెసులుబాటు ఇవ్వొచ్చు, కానీ గ్యాస్ మాత్రం ఎవరి విమానమో చూసి లీకవదు.

ఇప్పుడు రంగుల సంగతి. మీరు అసహ్యం అన్న గోధుమరంగు, నీలం స్టెయిన్‌లెస్ స్టీల్ వేడెక్కినప్పుడు దాని మీద పెరిగే పల్చని ఆక్సైడ్ పొర వల్ల వచ్చినవి. వేడి పెరిగేకొద్దీ ఆ పొర మందం పెరుగుతుంది, మందాన్ని బట్టి ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం కనిపిస్తాయి. చిన్న పిస్టన్ ఇంజన్లలో ఎగ్జాస్ట్ గ్యాస్ మామూలుగా 650 నుంచి 870 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అంత వేడి చూసిన పైపు కొత్త గిన్నెలా తళతళలాడాలనుకోవడం న్యాయం కాదు. పైగా ఆ రంగులు మీకు పనికొస్తాయి. నాలుగు సిలిండర్ల పైపులూ ఒకేలా రంగు మారి ఒక్కటి మాత్రం వేరుగా ఉంటే ఆ సిలిండర్ ఎందుకు ఎక్కువ వేడిగానో తక్కువ వేడిగానో నడుస్తోందో చూడాలి. పైపును ఇంజన్‌కు బిగించే అంచు, అంటే ఫ్లాంజ్ దగ్గర, సిలిండర్ హెడ్ మీద బూడిదరంగు పొడి చార కనిపిస్తే, గ్యాస్ లీకవకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ పోయిందని అర్థం. వెండిరంగు స్ప్రే కొడితే ఇవన్నీ దాని కిందకి పోతాయి. పెయింట్ మీద పగులు కనిపించే సరికి లోపల పైపు ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. పెయింట్ డబ్బా పక్కన పెట్టమని నేనంటున్నది ఇందుకే.

తుప్పు మచ్చలు సైలెన్సర్ దగ్గర ఉన్నాయన్నారు కదా, నాకు అసలు భయం అక్కడే. సైలెన్సర్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. దానికీ సైలెన్సర్‌కూ మధ్యనుంచి బయటి గాలి పోయి, వేడెక్కి, క్యాబిన్ హీటర్ గొట్టంలోంచి మీ కాళ్ల దగ్గరికి వస్తుంది. అంటే మీరు పీల్చే గాలికీ కార్బన్ మోనాక్సైడ్‌కూ మధ్య అడ్డుగా ఉన్నది మిల్లీమీటరు మందం కూడా ఉండని ఒక్క రేకు. ఆ తొడుగు విప్పకుండా బయటినుంచి చూసి "బాగానే ఉంది" అంటే ఏమీ చూడనట్టే. ఎగ్జాస్ట్ వ్యవస్థల్లో వచ్చే వైఫల్యాల్లో దాదాపు సగం ఈ వేడి మార్చే భాగంలో వచ్చే పగుళ్ల వల్లేనని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మెకానిక్కుల కోసం వేసిన పుస్తకం చెప్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కాస్త మత్తు, చిన్న లెక్క కూడా తేలకపోవడం, ఇవన్నీ అలసట అనే అనిపిస్తాయి. 2019 జనవరి 21 రాత్రి ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ఎక్కిన ఒంటి ఇంజన్ పైపర్ మాలిబు విమానం ఇంగ్లిష్ ఛానెల్‌లో కూలిపోయింది. ఆయన రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్) 58 శాతం ఉందని పరీక్షలో తేలింది. అంత మోతాదు ప్రాణానికే ముప్పు. పైలట్ కూడా ఆ గ్యాస్ ప్రభావానికి లోనై ఉంటాడని, అది ఎగ్జాస్ట్ వ్యవస్థలోంచే క్యాబిన్‌లోకి వచ్చి ఉండొచ్చని బ్రిటన్ ప్రమాద పరిశోధకులు నిర్ధారించారు. ఆ ప్రమాదంలో వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఈ ఒక్క అంకె తెలిశాక సైలెన్సర్ తొడుగు విప్పకుండా ఏ విమానమూ ఎక్కబుద్ధి కాదు.

కాబట్టి తొడుగు విప్పించండి. విప్పాక రేకు లోపలి వైపు చూడండి, అక్కడ మసి ఉండకూడదు. మసి ఉందంటే గ్యాస్ వచ్చింది, అంతే. సైలెన్సర్ ఒంటి మీద ఉబ్బు, నొక్కు, పొలుసులు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. వంపు తిరిగే చోట, గ్యాస్ నేరుగా వచ్చి కొట్టే చోట, క్లాంపు కింద లోహం పల్చబడుతుంది, మొనదేరిన పనిముట్టుతో గట్టిగా నొక్కితే లోపలికి దిగేంతగా కూడా పల్చబడుతుంది. అలా దిగితే ఆ భాగం మార్చాల్సిందే, అతుకులు వేయొద్దు. తర్వాత టెయిల్ పైపులోంచి టార్చ్ వేసి, వీలైతే బోరోస్కోప్ (సన్నని గొట్టం కొసన ఉండే కెమెరా) పెట్టి లోపలి పలకలు, గొట్టాలు చూడండి. అవి విరిగి ముక్కలు బయటికి పోయే దారికి అడ్డం పడితే గ్యాస్ పోయే చోటు లేక ఇంజన్ పవర్ పడిపోతుంది, టేకాఫ్‌లో అయితే ఇంక చెప్పక్కర్లేదు. చల్లారిన సైలెన్సర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి, లోపల గలగలమంటే ఏదో ఊడింది.

కంటికి ఏమీ కనిపించకపోయినా ప్రెషర్ టెస్ట్ చేయించండి, ఇది అంత పెద్ద పనేం కాదు. గాలి ఊదే వైపు పెట్టిన వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని టెయిల్ పైపుకు బిగించి, మిగతా పైపులు, వెల్డింగులు, ఫ్లాంజులు, సైలెన్సర్ ఒళ్లంతా సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ వస్తాయో చూడటమే. స్లిప్ జాయింట్ల (ఒక పైపు ఇంకోదానిలోకి దూరి కదిలే అతుకుల) దగ్గర కాస్త బుడగలు రావడం సహజం, చల్లగా ఉన్నప్పుడు అవి వదులుగా ఉండేలానే చేస్తారు. పైపు మధ్యలో, వెల్డింగ్ మీద బుడగ వస్తే మాత్రం అది పగులే. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టొద్దు, అంత ఒత్తిడికి బాగున్న సైలెన్సర్ కూడా పాడవుతుంది. ఇంకో మాట, ఆ సైలెన్సర్ ఎన్ని గంటలు ఎగిరిందో లాగ్‌బుక్కులో చూడండి. 1000 గంటలు దాటిన సైలెన్సర్లను మార్చేయమని ఎఫ్‌ఏఏ సలహా ఇస్తుంది. పాత విమానాల్లో చాలాసార్లు ఆ లెక్కే ఉండదు. లెక్క లేకపోతే దాటిందనే అనుకోండి.

ఇవన్నీ అయి పైపులు గట్టివే అని తేలాక అందం గురించి ఆలోచిద్దాం. ముందు ఒక అయస్కాంతం తీసుకుని పైపుకు పెట్టండి. గట్టిగా అతుక్కుంటే మామూలు ఉక్కు, అసలు అతుక్కోకపోయినా, ఏదో కొంచెం లాగినట్టున్నా స్టెయిన్‌లెస్. సర్టిఫైడ్ విమానాల్లో ఎక్కువగా 321 రకం స్టెయిన్‌లెస్ వాడతారు. మామూలు 304 రకాన్ని 425 నుంచి 870 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసి కణాల అంచుల్లో చేరిపోతుంది, ఆ అంచుల్లో తుప్పుకు తట్టుకునే శక్తి పోతుంది. 321లో టైటానియం కలుపుతారు, అది కార్బన్‌ను ముందే పట్టేసుకుంటుంది కాబట్టి క్రోమియం ఉండాల్సిన చోట ఉంటుంది. మన ఎగ్జాస్ట్ పైపు రోజూ బతికేది సరిగ్గా ఆ వేడిలోనే, అందుకే ఆ లోహం.

స్టెయిన్‌లెస్ అయితే పెయింట్ వద్దు. నున్నటి స్టెయిన్‌లెస్ మీద అది సరిగా పట్టదు, పొలుసులుగా లేస్తుంది, లేచిన చోట తేమ నిలుస్తుంది, పైన చెప్పినట్టు పగుళ్లను దాస్తుంది. శుభ్రం చేస్తే చాలు. దానికి కూడా మీరనుకున్న వైర్ బ్రష్ వద్దు. మామూలు ఉక్కు బ్రష్, స్టీల్ ఊలు స్టెయిన్‌లెస్ మీద సన్నని ఇనుప రజను వదిలేస్తాయి, నాలుగు రోజులకు ఆ రజను తుప్పుపట్టి మొత్తం పైపే తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. మీ పైపుల మీద ఉన్న మచ్చల్లో కొన్ని పాత యజమాని చేసిన ఇలాంటి శుభ్రం వల్లే వచ్చి ఉండొచ్చు. స్కాచ్ బ్రైట్ లాంటి నైలాన్ ప్యాడ్ గానీ, ఇంతకుముందు వేరే ఉక్కు మీద వాడని స్టెయిన్‌లెస్ బ్రష్ గానీ వాడండి. బ్లీచు, ఉప్పు ఆమ్లం, టాయిలెట్ క్లీనర్, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ఇవేవీ దగ్గరికి రానివ్వొద్దు, క్లోరిన్ మిగిలితే స్టెయిన్‌లెస్ లోలోపలే గుంటలు పడి చీలుతుంది. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో పూసలు కొట్టి శుభ్రం చేయడం) చేయించాలంటే కొత్త గాజు పూసలతోనే చేయించండి, వేరే ఇనుప సామాను మీద వాడిన పూసలైతే ఆ ఇనుమంతా మీ పైపులోకి దిగుతుంది. ఎవరైనా క్రోమ్ ప్లేటింగ్ చేయిద్దాం అంటే వద్దని చెప్పండి.

ఇక్కడ మీ ఆరోగ్యం గురించి ఒక మాట. మీ విమానం 100 ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలుతో నడుస్తుంటే, లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండే ఇంధనం అది, పైపు లోపలా బయటా కనిపించే బూడిదరంగు పొడిలో సీసం ఉంటుంది. పొడిగా గీకకండి, గ్రైండర్ అసలే పెట్టకండి. తడి చేసి రుద్దండి, గ్లవ్స్, మాస్కు వేసుకోండి, ఆ బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

మామూలు ఉక్కు పైపులైతే కథ వేరు. ఆ లోహం అంత వేడిలో పెచ్చులుగా ఊడిపోతుంది, దానికి పూత నిజంగానే మేలు చేస్తుంది. అప్పుడు మీ సిలికాన్ ఆధారిత హీట్‌ప్రూఫ్ పెయింట్ పనికొస్తుంది, అయితే సర్టిఫైడ్ విమానమైతే తయారీదారు మాన్యువల్ ఏం చెప్తుందో ముందు చూడండి. పైపులు విప్పి, గాజు పూసలతో తెల్లగా బ్లాస్ట్ చేయించి, అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకుండా పెయింట్ వేయాలి, చేతి జిడ్డు తగిలిన చోట పెయింట్ లేస్తుంది. మందంగా ఒక్క పూత కన్నా పల్చగా రెండు మూడు పూతలు వేయండి. స్లిప్ జాయింట్ లోపలికి దూరే భాగం, గుండ్రంగా కూర్చుని కదిలే బాల్ జాయింట్ ముఖాలు, గ్యాస్కెట్ కూర్చునే ఫ్లాంజ్ ముఖం, వీటికి టేపు అంటించి వదిలేయాలి. అక్కడ పెయింట్ పడితే జాయింట్ కదలదు, కదలని జాయింట్ పైపును పగలగొడుతుంది. పైపులను ఫ్లాంజుల నుంచి పట్టుకుని చూస్తే మొదటి కొన్ని అంగుళాల్లో వేడి మరీ ఎక్కువ, అక్కడ ఏ డబ్బా పెయింటూ ఎక్కువ కాలం నిలవదు, దానికి బాధపడకండి.

ఈ పెయింట్ గాలికి ఆరితే సరిపోదు, వేడికి గట్టిపడాలి. మామూలుగా 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లారనిచ్చి, 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లారనిచ్చి, 315 దగ్గర అరగంట అంటారు, మీ డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే చేయండి. వంట చేసుకునే ఓవెన్ మాత్రం వాడొద్దు, సీసం మాట పైనే చెప్పాను. ఓవెన్ లేకపోతే ఇంజన్ మీదే చేయొచ్చు, మొదట తక్కువ పవర్‌లో కాసేపు నడిపి పూర్తిగా చల్లారనివ్వడం, తర్వాత ఇంకాస్త ఎక్కువసేపు. మొదటిసారి పొగ, వాసన వస్తాయి, టెన్షన్ పడకండి, అప్పటికి కౌలింగ్ తీసి ఉంచి, ఇంజన్ అధికంగా వేడెక్కకుండా చూసుకుంటే చాలు. జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ మాత్రం ఏ పైపుకూ వేయొద్దు. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కరిగిన జింకు ఎర్రగా కాలిన స్టెయిన్‌లెస్ కణాల మధ్యకు దూరి చీల్చేస్తుంది, పక్కనున్న పైపో క్లాంపో స్టెయిన్‌లెస్ అయితే దానికీ ముప్పే.

సిరామిక్ పూత డబ్బా పెయింట్ కన్నా చాలా మేలు, గట్టిగా పట్టుకుంటుంది, కౌలింగ్ లోపల వేడి కూడా తగ్గుతుంది. కానీ బయటికి పోని వేడి ఎక్కడికి పోతుంది? పైపు లోహంలోనే ఉంటుంది. అందుకే ఇదివరకే వయసైపోయిన పైపుకు దాన్ని వేయించడం నాకు ఇష్టం ఉండదు, కొత్త పైపుకైతే సరే. తర్వాత ఎప్పుడైనా వెల్డింగ్ చేయాల్సి వస్తే ఆ చోట పూతంతా తీసేయాలి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

మీ మిత్రుడు చెప్పిన హీట్ వ్రాప్‌కు మాత్రం నేను ఒప్పుకోను. బైకులకు, రేసు కార్లకు బాగుండొచ్చు. విమానంలో అది మూడు రకాలుగా చెరుపు చేస్తుంది: లోహాన్ని దాని ఓర్పుకు మించి కాలుస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది, పైపును మన కంటికి కనిపించకుండా చేస్తుంది. ఈ మూడోది చాలు వద్దనడానికి. కౌలింగ్ లోపల నిజంగా వేడి ఎక్కువగా ఉంటే సిలిండర్ల చుట్టూ ఉండే బాఫిల్ రేకులకున్న రబ్బరు అంచులు చిరిగాయా, మడతపడ్డాయా చూడండి, చల్లగాలి సిలిండర్ల మధ్యకు పోకుండా పక్కదారుల్లో పోతుంటే అదే అసలు కారణం. ఏదైనా పెట్రోలు గొట్టమో వైరో పైపుకు మరీ దగ్గరగా ఉంటే ఆ ఒక్కచోట, కాస్త ఖాళీ వదిలి, ఒక చిన్న స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టించండి.

తిరిగి బిగించడంలో చాలా పైపుల ఆయుష్షు తేలిపోతుంది. పాత గ్యాస్కెట్లు మళ్లీ పెట్టొద్దు. సిలిండర్ ఫ్లాంజులు, క్లాంపులు, హ్యాంగర్లు అన్నీ చేత్తో తిప్పగలిగేంత వదులుగా పెట్టి, పైపులు వాటంతట అవి సర్దుకున్నాక, సిలిండర్ హెడ్ దగ్గర మొదలుపెట్టి బయటికి వస్తూ మాన్యువల్‌లో ఉన్న టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. అందని పైపును నట్టుతో లాక్కొచ్చి కూర్చోబెడితే ఆ లాగుడు దానిలోనే ఉండిపోతుంది, వేడి, అదురు తోడై ఎక్కడో ఒకచోట చీలుతుంది. నైలాన్ ఉన్న లాక్‌నట్లు అక్కడ కరిగిపోతాయి, పూర్తిగా లోహంతో చేసినవే వాడాలి. బంగారు రంగులో మెరిసే కాడ్మియం పూత నట్లు కూడా వద్దు, కాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది. స్లిప్ జాయింట్లకు, బాల్ జాయింట్లకు నికెల్ లేదా రాగి ఉన్న హై టెంపరేచర్ యాంటీ సీజ్ (పట్టేయకుండా రాసే లేపనం) కొంచెం రాయండి, సీలెంట్ పూసి మూసేయకండి, అవి కదలడానికే ఉన్నాయి. స్ప్రింగులతో పట్టి ఉంచే రకమైతే కొక్కేల దగ్గర అరిగాయేమో చూసి, విరిగినా ముక్క ప్రొపెల్లర్ దాకా పోకుండా సేఫ్టీ వైర్ వేయండి. చివరగా పైపులన్నీ ఆల్కహాల్‌తో తుడవండి, లేకపోతే మొదటి రన్‌లోనే మీ వేలిముద్రలు స్టెయిన్‌లెస్ మీద కాలి అచ్చుపడిపోతాయి. మొదటి రన్ అయి పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి.

నలుగురు ఎగురుతారన్నారు కాబట్టి నలుగురికీ చెప్పాల్సిన మాట ఒకటుంది. టేకాఫ్‌కు ముందు చేసే ఇంజన్ పరీక్షలో, అంటే రన్‌అప్‌లో, స్పార్క్ ఇచ్చే మాగ్నెటో చూస్తూ తాళం పొరపాటున ఆఫ్ దాకా తిప్పితే కంగారుపడి వెంటనే వెనక్కి తిప్పకండి. ఆ క్షణంలో మండని పెట్రోలు సైలెన్సర్ నిండా చేరి ఉంటుంది, స్పార్క్ రాగానే అదంతా ఒక్కసారి పేలి సైలెన్సర్ కుట్లు విప్పేస్తుంది. ఇంజన్‌ను ఆగిపోనిచ్చి, మళ్లీ స్టార్ట్ చేసుకోండి. ఎవరైనా పెద్ద చప్పుడు విన్నామంటే దాచకుండా చెప్పాలి, తర్వాతి వాళ్లు ఎగిరేలోపు సైలెన్సర్ చూడాలి.

క్యాబిన్‌లో ఎలక్ట్రానిక్ కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ పెట్టండి, అంకె చూపించి గట్టిగా మోగేది. డ్యాష్‌బోర్డుకు అంటించే రంగు మారే కార్డు ఉంటుంది కదా, దానికి గడువు అయిపోయినా ఎవరూ మార్చరు, పైగా మత్తులో ఉన్న పైలట్ దాన్నే చూస్తాడని నమ్మకం ఏముంది? మోగితే హీటర్ మూసేసి, బయటి గాలి వచ్చే వెంట్లు తెరిచి, ఆక్సిజన్ ఉంటే పెట్టుకుని, దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగిపోండి.

పొట్ట కింద మసి పూర్తిగా పోదు, ఇంజన్ నడిచినంత కాలం వస్తూనే ఉంటుంది. కానీ దాన్ని అలాగే వదిలేస్తే తేమతో కలిసి ఆమ్లంగా మారి అల్యూమినియం రేకునూ రివెట్ల చుట్టుపక్కలనూ తినేస్తుంది. విమానాలకు వాడే నీళ్లలో కలిపే సబ్బుతో తరచూ కడిగి, ఆరాక మైనం పూయండి, అప్పుడు తర్వాతిసారి గీకకుండానే వచ్చేస్తుంది. లేత గోధుమ, బూడిద రంగుల్లో పొడిగా ఉంటే మామూలే. నల్లగా మసిలా ఉంటే మిక్స్చర్ రిచ్‌గా (గాలికి తగినదానికన్నా పెట్రోలు ఎక్కువై) నడుస్తోంది, జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి. కడిగిన రోజు పొట్ట ఫొటో ఒకటి తీసి లాగ్‌బుక్కుతో పాటు ఉంచుకోండి. ఇదివరకు లేని చోట కొత్తగా చార పడితే, ముఖ్యంగా ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) కింద అతుకుల దగ్గర, ఆ రోజు కౌలింగ్ తీయకుండా ఎవరినీ ఎగరనివ్వకండి.